మంచు కింద ముగ్గు

నమోదు 1, సోమవారం
బయట మైనస్ తొమ్మిది. లోపల ఇరవై మూడు. ఇంట్లో మనుషులు ముగ్గురు.

ఈ రోజు నుంచి మా ఇంటి వెచ్చపెట్టెకి నేనే కాపరిని. పదో తరగతికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చలికాలమంతా ఇదే ప్రాక్టికల్. పైన ఉన్న మూడు వివరాలూ తప్పకుండా రాయాలట. "మిగతాది మీ ఇష్టం" అన్నారు మాస్టారు. ఆ చివరి రెండు మాటలు నాకు ఎంత నచ్చాయంటే, ఇంటికి వచ్చేదాకా నడుస్తూ వాటినే అనుకున్నాను.

మా ఇల్లు ఎగువపేటలో, లాకుల వీధిలో. ఇక్కడ కాలువా లేదు, లాకులూ లేవు. సముద్రం పైకొచ్చాక కోనసీమ వదిలి ఈ కొండల మీదికి ఎక్కినవాళ్ళు వీధులకి తమ పాత గుర్తుల పేర్లు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆకాశంలో ధూళి చేరింది, చలి ముదిరింది. పేర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

బయటి పెట్టె గుమ్మానికి ఎడమ పక్కన ఇనుప కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. లోపలి పెట్టె నడిమిగది గోడకి ఉంటుంది. ఎంత చల్లటి గాలిలోనైనా కొంత వేడి దాగి ఉంటుందట. బయటి పెట్టె ఆ గాలిని సన్నటి రేకుల మధ్య నుంచి పీల్చి, అందులోని వేడిని గొట్టాల్లో తిరిగే గ్యాసుకి అప్పగిస్తుంది. లోపలి పెట్టె దాన్ని గదిలో పంచుతుంది. చలిలో వేడి దాగి ఉంటుందన్న వాక్యం చదివాక పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

నా పనులు ఇవి. లోపలి ఫిల్టర్ వారానికోసారి కడగాలి. బయటి రేకుల మీద మంచు చూసుకోవాలి. దాన్ని కత్తితో గీకకూడదు, మెత్తటి చీపురుతో దులపాలి. రెగ్యులేటర్ని ఒక గీత మీద పెట్టి వదిలెయ్యాలి. చలేసినప్పుడల్లా పెంచి, వెచ్చబడగానే తగ్గిస్తే పెట్టె సతమతమవుతుందట. రెగ్యులేటర్ జోలికి వెళ్ళనని మాస్టారికి మాట ఇచ్చాను.

సాయంత్రం అమ్మ బయటి పెట్టెకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. మాన్యువల్లో ఈ సంగతి లేదు. పసుపు వల్ల నష్టమని కూడా లేదు కాబట్టి తుడవలేదు.

నమోదు 2, బుధవారం
బయట మైనస్ పది. లోపల ఇరవై మూడు. ముగ్గురు.

ముగ్గురంటే అమ్మ, తాతయ్య, నేను. నాన్న చలికాలమంతా కనుమ దగ్గర మంచు తీసే బండి నడుపుతారు. అక్క పేరు హైమ. పెళ్ళయి క్వారీ కాలనీలో ఉంటోంది. ఇప్పుడు ఎనిమిదో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మ పట్టు. అక్క అత్తగారు కూడా అదే అంటోంది. బావ ఎలాగూ ఏదీ అనడు.

ఈ రోజు నర్సు కృపామణి గారు వచ్చారు. నడిమిగదిలో నాలుగు మూలలూ తడిమి చూసి, సంచిలోంచి తెల్లటి గాజుపూస తీసి, మంచం పైన మేకుకి దారంతో వేలాడదీశారు.

"ఇది వెచ్చపూస. గది ఇరవై ఒకటి కంటే దిగితే నీలంగా మారిపోద్ది. మళ్ళీ ఎంత వెచ్చబడినా తెల్లబడదు. వారం రోజులు తెల్లగా ఉంటే పిల్లని తెచ్చుకోండి."

"ఉండకపోతే?" అంది అమ్మ.

"పురుటి హాలే గతి. కాన్పయ్యాక కూడా చలి తగ్గేదాకా తల్లీబిడ్డా అక్కడే ఉండాలి. ఆదివారాలు చూసి రావొచ్చు, అద్దంలోంచి."

"అద్దంలోంచా? నా బిడ్డ బిడ్డనా?"

"భూలక్ష్మీ, నీ బాధ నాకు తెలుసమ్మా. నాకు తెలిస్తే ఏం లాభం, పూస నా మాట వినదు." ఆవిడ చెప్పులు వేసుకుంటూ నా వైపు చూశారు. "కాపరివి నువ్వేనా? జాగ్రత్తగా చూసుకో తల్లీ. ఇది పోతే ఇంకొక్క పూస ఇస్తాను. ఆ తర్వాత తొమ్మిదో నెల వచ్చేస్తది, తీగబండిలో ఎక్కించనివ్వరు."

తీగబండి అంటే క్వారీకీ మాకూ మధ్య లోయ మీద తీగెలకి వేలాడుతూ నడిచే పెట్టె. పెట్టెలో వచ్చి, పెట్టె కాసే ఇంట్లో దిగాలి మా అక్క.

నమోదు 3, శుక్రవారం
బయట మైనస్ పది. లోపల తెల్లవారి ఇరవై రెండు, తర్వాత ఇరవై మూడు. ముగ్గురు.

లేచేసరికి గది ఒక డిగ్రీ తగ్గి ఉంది. కారణం తొందరగానే దొరికింది. లోపలి పెట్టె మీద తాతయ్య తువ్వాలు ఆరేసి ఉంది. గాలి వచ్చే దారికి సరిగ్గా అడ్డంగా ఉంది.

"తాతయ్యా, పెట్టె మీద ఏదీ వెయ్యకూడదు."

"ఎయ్యలేదమ్మా, ఆరేసేను."

"ఆరెయ్యకూడదు కూడా."

"మరి దీని ఉపకారం ఏటి? బట్టారదు, అప్పడం ఎండదు. మా ఊళ్ళో ఎండకైతే ఓల్టేజీ లేదు, మాన్యువల్లూ లేదు. తువ్వాలు పిండి దండెం మీద ఏత్తే, కాపీ తాగొచ్చేలోపు అప్పడంలా అయిపోయేది."

తాతయ్య దగ్గర వేడికి చాలా మాటలు ఉన్నాయి. సెగ, కాక, ఉడుకు, వడగాడ్పు, నిప్పుల ఎండ, గోరువెచ్చన, నులివెచ్చన. చలికి మాత్రం చలి, వణుకు, కొంకర్లు, అంతే. ఒక్క మాట నాకు ఎంత చెప్పినా అర్థం కాలేదు. ఉక్కపోత.

"ఎండ కాదు. నీడలోనే ఉంటావు. గాలాడదు. ఒళ్ళంతా నీళ్ళు కారతాయి."

"నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయి?"

"ఒంట్లోంచేనమ్మా. సెమట."

చెమట అంటే జ్వరం దిగేటప్పుడు నుదుటి మీద పట్టేదని తెలుసు. జ్వరం లేకుండా, పని చెయ్యకుండా, ఊరికే కూర్చున్న మనిషికి చెమట పట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. ఉక్కపోత అని రాసి పక్కన ఖాళీ వదిలాను.

నమోదు 4, ఆదివారం
బయట మైనస్ పది. లోపల తెల్లవారి ఇరవై ఒకటిన్నర. ముగ్గురు.

తువ్వాలు తీసేసినా తగ్గుతోంది. ఫిల్టర్ మళ్ళీ కడిగాను. బయటికి వెళ్ళి చూస్తే రేకుల మీద మందంగా మంచుగడ్డ ఉంది. ఏడు గంటలకి ఇంకా చీకటిగానే ఉంటుంది కాబట్టి చేత్తో తడిమే తెలుసుకున్నాను.

పెట్టెకి మంచు పట్టడం మామూలే. అప్పుడు అది కాసేపు తిరగబడి పనిచేస్తుంది. గదిలోని వేడినే బయటికి పంపి, తన రేకులు తానే కరిగించుకుంటుంది. ఆ కాసేపు పెట్టె ఆవిరి కక్కుతుంది, నీళ్ళు కింద పళ్ళెంలోకి కారతాయి, మాకు వెచ్చన రాదు. మంచు పలచగా ఉంటే చిటికెలో అయిపోతుంది. మందంగా ఉంటే కరిగించుకోవడంతోనే దాని పొద్దు గడిచిపోతుంది. రేకుల మీద ఇంత మంచు ఎందుకు పడుతోందో తెలియడం లేదు. గాలి పొడిగా ఉంది, మంచు కురవనే లేదు. పక్కింటివాళ్ళ పెట్టె శుభ్రంగా ఉంది.

"వంట్లో బాలేదేమోనే దానికి" అంది అమ్మ, గుమ్మంలోంచి పెట్టెని చూస్తూ.

"దానికి ఒళ్ళు ఉండదమ్మా."

"పనిచేసేదానికి ఒళ్ళుండదా?" అంది.

నమోదు 5, సోమవారం
బయట మైనస్ పదకొండు. లోపల తెల్లవారి ఇరవై. ముగ్గురు.

పూస నీలంగా మారింది.

చాలా అందమైన నీలం. అది రాయకుండా ఉండలేను. తాతయ్య చెప్పే సముద్రం లోతుల్లో అలాంటి నీలమే ఉంటుందేమో. దాన్ని చూసి అమ్మ, అక్క కోసం కుట్టిన బొంతని మంచం మీంచి తీసి, మడతపెట్టి, ట్రంకుపెట్టెలో పెట్టేసింది. అరిచి ఉంటే బాగుండేది.

వీధి మొత్తానికి ఒక కాయిల్ హీటర్ ఉంది. అది చివరింట్లో జబ్బుపడిన పెద్దావిడ దగ్గరుంది. రెండోది పెడితే వీధి వైరు తట్టుకోదు. కాబట్టి మాకు పెట్టె ఒక్కటే దిక్కు.

సాయంత్రం కృపామణి గారు రెండో పూస ఇచ్చి, "పెట్టె సంగతి తేల్చుకున్నాకే కట్టండి" అని చెప్పి వెళ్ళారు. పూస నా పెన్నుల డబ్బాలో ఉంది.

నమోదు 6, బుధవారం
బయట మైనస్ పది. లోపల తెల్లవారి పంతొమ్మిదిన్నర. ముగ్గురు.

మెకానిక్ షెడ్డు నుంచి రజియా అక్క వచ్చింది. స్కూల్లో నాకు నాలుగేళ్ళు సీనియర్. నడుముకి పనిముట్ల పట్టీ, తలకి ఎర్రటి ఉన్ని టోపీ. గ్యాసు చూసింది, ఫ్యాను చూసింది, మంచు కనిపెట్టే సెన్సర్ తీసి ఊది మళ్ళీ పెట్టింది.

"అన్నీ బావున్నాయి వేణీ. పెట్టెలో ఏ లోపమూ లేదు."

"మరి ఇంత మంచు?"

"దానికి నీళ్ళు అందుతున్నాయి. ఎక్కణ్ణుంచో తెలీదు. పైకప్పు కారుతోందా?"

"లేదు."

రజియా అక్క రేకుల మీది గడ్డలోంచి ఒక ముక్క ఊడదీసి వెలుతురుకి పెట్టి చూసింది. పగటిపూట చూడటం నాకూ అదే మొదటిసారి. మంచు తెల్లగా లేదు. పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో ఉంది. లోపల సన్నటి గడ్డిపరకలు నిలబడి ఉన్నాయి.

"ఏంటే, మీ పెట్టె గడ్డి మేస్తోందా?" అంది. "పాలు ఇస్తే నాకు చెప్పు. షెడ్డులో టీకి పనికొస్తాయి."

తాతయ్య ఇంత గట్టిగా నవ్వడం ఈ మధ్య చూడలేదు. అమ్మ మాత్రం నవ్వలేదు, టీ పెడతానని లోపలికి వెళ్ళిపోయింది. రజియా అక్కకి చూడాల్సిన ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. గడ్డ కరిగించి, "తడి ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టు, అంతే పని" అని చెప్పి వెళ్ళిపోయింది.

గడ్డిపరకలు. ఎగువపేటలో పచ్చగడ్డి ఉండేది ఒక్కచోటే, కింది వరసలో పాల సంఘం వాళ్ళ పాకలో. రోజూ సాయంత్రం పాలకి అక్కడికి వెళ్ళేది అమ్మ.

నమోదు 7, గురువారం
బయట మైనస్ పది. లోపల తెల్లవారి పంతొమ్మిది. ముగ్గురు.

స్కూలు నుంచి మధ్యాహ్నమే వచ్చేశాను. అమ్మ రేషన్‌కి వెళ్ళింది. గుమ్మం ముందు ఈ మధ్య పాత గోనెపట్టా ఒకటి పరిచి ఉంటోంది. కాలు జారకుండా అని అమ్మ చెప్పింది. ఇన్నాళ్ళూ దాని మీద కాళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. ఈ రోజు అంచు పట్టుకుని పైకి లేపాను.

కింద ముగ్గు ఉంది.

నేల మీద పలచటి మంచు గాజులా పరుచుకుని ఉంది. దాని కింద తెల్లటి గీతలు ఒక్కటీ చెదరకుండా ఉన్నాయి. చుక్కలు, వాటి చుట్టూ మెలికలు, నాలుగు మూలలా తామరలు. దాని అడుగున మరో పొరలో నిన్నటి ముగ్గు మసగ్గా కనబడుతోంది. దాని అడుగున మొన్నటిది. వాకిట్లో ముగ్గు నేను ఇంతవరకూ చూడలేదు. పండగలకి నట్టింట్లో వేస్తారంతే. వీధిలో నీళ్ళు చల్లితే గడ్డకట్టి జనం పడిపోతున్నారని, నేను పుట్టకముందే వార్డువాళ్ళు కళ్ళాపి మానిపించారు. కళ్ళాపి అన్నది నాకు పుస్తకంలో చదివిన మాట. ఇప్పుడది నా కాళ్ళ ముందు గడ్డకట్టి ఉంది, పేడ రంగులో.

మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాను. వేలు పెట్టి తాకాను కూడా. తర్వాత తల ఎత్తితే, మూరెడు దూరంలో బయటి పెట్టె ఫ్యాను తిరుగుతూ ఉంది, గాలి పీలుస్తూ.

లోపలికి వచ్చి తాతయ్య ముందు నిలబడ్డాను.

"నీకు తెలుసా?"

"ఏటి?"

"అమ్మ కళ్ళాపి చల్లుతోందని."

"నేను పడుకుంటానమ్మా ఆ టైముకి."

"తాతయ్యా."

"పడుకునే ఇన్నాను" అన్నాడు. "నాలుగింటికి లెగుత్తాది మీయమ్మ. నీళ్ళు కాసుకుంటాది, సల్లటివైతే సెయ్యి కొంకర్లు పోద్ది కదా. నీళ్ళు సల్లిన సప్పుడు. ఎన్నాళ్ళయిందే ఆ సప్పుడు ఇని. నాకు ఎంత బాగుండేదో. ఊళ్ళో ఉన్నట్టుండేది."

వేడినీళ్ళు. ఆ ఆవిరీ తుంపరా అంతా పెట్టె పీల్చేసి ఉంటుంది.

"అమ్మకి ఎలా చెప్పను?"

"నువ్వు సెప్తే ఏడుత్తాది. నేను సెప్తే తిడతాది. తిట్టించుకోడం నాకలవాటే, నేనే సెప్తాలే."

వద్దన్నాను. పెట్టెకి కాపరిని నేను.

నమోదు 8, అదే రోజు సాయంత్రం

అమ్మ కందిపప్పు చేటలో పోసుకుని రాళ్ళు ఏరుతోంది. పక్కన కూర్చుని నేనూ ఏరాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ముగ్గు చాలా బాగుందమ్మా" అన్నాను.

అమ్మ చెయ్యి ఆగింది.

"పట్టా తీశావా?"

"తీశాను."

"ఆ దస్త్రంలో రాసేస్తావని చెప్పలేదే నీకు. అన్నీ రాస్తావు కదా. వార్డువాళ్ళు చూస్తే గొడవ." మళ్ళీ రాళ్ళు ఏరసాగింది. "హైమ నా కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ రోజూ వాకిట్లో పేడనీళ్ళు చల్లేది. నిండు మనిషి వచ్చే గుమ్మం ఎండిపోయి ఉండకూడదంది. నువ్వు పుట్టేటప్పటికి మానిపించేశారు. ఈసారన్నా చెయ్యాలనిపించింది."

అప్పుడు చెప్పాను. వేడినీళ్ళ ఆవిరి ఎక్కడికి వెళ్తుందో, రేకుల మధ్య ఎలా గడ్డకడుతుందో, ఆ గడ్డ కరగడానికి గదిలోని వెచ్చన ఎలా ఖర్చవుతుందో, నాకు తెలిసిన మాటల్లో మెత్తటివి ఏరుకుని చెప్పాను. అమ్మ అంతా విన్నది. చేట పక్కన పెట్టింది.

"అయితే పూస నా మూలంగానా నీలమైంది?"

చేట నా ఒళ్ళోకి లాక్కున్నాను.

"పెట్టె నీరసంగా ఉందని..." అమ్మ కొంగు చేతిలోకి తీసుకుంది. "దానిక్కూడా దోసిళ్ళతో పోశానే. పసుపునీళ్ళు. అది ఎంత మొరాయిస్తే అంత ఎక్కువ పోశాను. నా తల్లీ, ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు, మా పిల్ల రావాలి అని దణ్ణం పెట్టుకుంటూ పోశాను."

అమ్మ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూ ఉండగానే ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"పాపం, ఎన్నిసార్లు తలంటానో దానికి."

తాతయ్య నడిమిగదిలోంచి, "సాంబ్రాణి కూడా ఏసేవా ఏటి?" అన్నాడు.

"మీరు వింటూనే ఉన్నారా మావయ్యగారూ? నీళ్ళ చప్పుడూ వినే ఉంటారు, ఆ రోజే ఒక మాట చెప్పకూడదూ?"

"సూసేవా" అన్నాడు తాతయ్య నాతో. "ఎవరు సెప్పినా తిట్లు నాకే."

అమ్మ లేచి ట్రంకుపెట్టెలోంచి బొంత తీసి మళ్ళీ మంచం మీద పరిచింది. "రాసుకో, పరవాలేదు" అంది. "కానీ ముగ్గు బాగుందని కూడా రాయి."

రాశాను. ముగ్గు చాలా బాగుంది.

నమోదు 9, ఆదివారం
బయట మైనస్ పదకొండు. లోపల ఇరవై మూడు, తెల్లవారి కూడా. ముగ్గురు.

పట్టా తీసేసి, వాకిలంతా ఇసుక చల్లాము. మూడు రోజులుగా రేకులు శుభ్రంగా ఉన్నాయి. ఈ పొద్దున్న రెండో పూస కట్టాను. తెల్లగా, పెరుగుబొట్టులా వేలాడుతోంది.

అమ్మకి మాత్రం నాలుగింటికే మెలకువ వచ్చేస్తోంది. చెయ్యడానికి పని లేక, చల్లిన నీళ్ళు లేని వాకిలిని చూసి వచ్చి పడుకుంటోందట.

నమోదు 10, బుధవారం
బయట మైనస్ పదిహేడు, గాలివాన లాంటి మంచు. లోపల ఇరవై రెండు. ముగ్గురు.

నిన్న మధ్యాహ్నం నుంచి మంచు అడ్డంగా కురుస్తోంది. నిజమైన మంచు, ఎవరి తప్పూ లేని మంచు. రాత్రి పడుకునేముందు బయటి పెట్టెని దులిపి వచ్చాను. తెల్లవారేలోపు మళ్ళీ మూసుకుపోతుందని తెలుసు. మధ్యలో లేస్తానని అనుకున్నాను. నిద్రపోయాను.

ఉలిక్కిపడి లేచేసరికి ఏడున్నర, వెలుగు వచ్చేసింది. ముందు పూస చూశాను. తెల్లగానే ఉంది. పరిగెత్తుకుంటూ తలుపు తీశాను.

వీధిలో మంచు మోకాళ్ళ ఎత్తున ఉంది. మా పెట్టె చుట్టూ మాత్రం గుండ్రంగా, శుభ్రంగా నేల కనబడుతోంది. నాన్న కోటు వేసుకుని, తలకి రెండు శాలువాలు చుట్టుకుని అమ్మ అక్కడ నిలబడి ఉంది. ఒక చేతిలో చేట, ఇంకో చేతిలో మెత్తటి చీపురు. చేటతో మంచు ఎత్తి దూరంగా పోస్తోంది. రేకుల మధ్య చీపురు కొసతో, గీత గీతకీ ఆగుతూ దులుపుతోంది. ముగ్గు వేసే చెయ్యి అది. ఒక్క రేకు కూడా వంగలేదు.

"ఎప్పటినుంచి ఉన్నావమ్మా?"

"నాలుగింటికి ఎలాగూ లేస్తాను కదే."

"నన్ను లేపొచ్చు కదా. నేను కాపరిని."

"పగటికి నువ్వు కాపరివి" అంది. "లోపలికి ఫో, చెవులు చూడు ఎలా ఎర్రబడ్డాయో."

కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. పెట్టె ఒకసారి ఆగి, తిరగబడి, ఆవిరి వదిలింది. అమ్మ ఆ ఆవిరికి రెండు చేతులూ చాపి కాచుకుంది.

పక్కింటి ఆవిడ తన పెట్టెని ఎలా దులపాలో అమ్మని అడిగి తెలుసుకుంది. మధ్యాహ్నానికి వీధిలో నాలుగు చేటలు బయటికి వచ్చాయి.

నమోదు 11, ఆదివారం
బయట మైనస్ ఎనిమిది, ఎండ. లోపల ఇరవై మూడు. మనుషులు నలుగురు.

నలుగురు. ఈ మాట కావాలనే రెండుసార్లు రాశాను.

కృపామణి గారు పొద్దున్నే వచ్చి పూసని అరచేతిలో పెట్టుకుని వెలుతురుకి తిప్పి చూశారు. "పాలలా ఉంది. తెచ్చుకోండి పిల్లని" అన్నారు. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. "వదులమ్మా, ఇంకో ఇంటికి వెళ్ళాలి" అని ఆవిడే విడిపించుకున్నారు.

తీగబండి మధ్యాహ్నం వస్తుంది. అంతకుముందు అమ్మ నన్ను పిలిచి, "ఏమే కాపరీ, ఒక మాట అడగనా?" అంది. అమ్మ నన్ను అనుమతి అడగడం ఇదే మొదలు. ఇవాళ ఒక్కరోజు గుమ్మం తడపాలి, పెట్టెకి చెరుపు రాకుండా ఎలా అని.

ఇద్దరం కలిసి ఆలోచించాము. ఎండ నిలువుగా ఉన్నప్పుడు, పెట్టెకి అడ్డంగా పాత తలుపుచెక్క నిలబెట్టి, చేతిని కిందికి వంచి, చల్లటి నీళ్ళే కొంచెం. పైన ఇసుక. ఆపైన ముగ్గు. నీళ్ళు ఎక్కడివి అంటే, పెట్టె కింది పళ్ళెం చూపించాను. ఇందాక కరిగించుకున్నప్పుడు అది వదిలిన నీళ్ళే, ఇంకా గడ్డకట్టలేదు. అమ్మ చెంబుతో ముంచి చూసింది.

"నేను పోసినవే తిరిగి ఇస్తోందన్నమాట" అంది.

వార్డు మెంబరు అటుగా వెళ్తూ ఆగి చూశాడు. తాతయ్య అరుగు మీంచి, "రండి బాబూ, జారదు, ఇసకేసేం, నడిసి సూడండి" అన్నాడు. ఆయన జాగ్రత్తగా నడిచి చూసి, ముగ్గుకి పక్కగా కాలు వేసి వెళ్ళిపోయాడు.

అక్క తీగబండి దిగి, బావ చెయ్యి పట్టుకుని, మెల్లగా వీధి మలుపు తిరిగింది. వాకిట్లో ముగ్గు చూసి ఆగిపోయింది.

"అమ్మా, ఇది నిజం ముగ్గేనా?"

"తొక్కేవు, పక్కనుంచి రా" అంది అమ్మ, ఏడుస్తూ.

చెక్క వెనక పెట్టె మామూలుగా తిరుగుతూనే ఉంది. సాయంత్రం తిరుగు బండిలో క్వారీకి వెళ్ళిపోవాల్సిన బావ ఏమీ అనలేదు. గది మధ్యలో నిలబడి, చేతితొడుగులు తీసి, వేళ్ళు తెరిచి మూసి చూసుకున్నాడు.

నమోదు 12, శనివారం
బయట మైనస్ పన్నెండు. లోపల ఇరవై నాలుగు. మనుషులు అయిదుగురు.

అక్క వచ్చిన నెల దాటాక, అయిదో మనిషి ఈ మంగళవారం పొద్దున పుట్టింది. ఆడపిల్ల. ఇంకా పేరు లేదు. నా దగ్గర మాటలు చాలా ఉన్నాయి కానీ ఒక్కటీ సరిపోవడం లేదు. నాన్నకి కనుమకి కబురు వెళ్ళింది. "ఎలా ఉంది?" అని ఒక్క మాటే తిరిగి వచ్చింది. దానికి జవాబు రాయడానికి నాకు ఒక పేజీ పట్టింది.

పిల్ల కోసమని అక్కే రెగ్యులేటర్ ఒక గీత పెంచింది. నేను చూసీ ఊరుకున్నాను.

ఈ మధ్యాహ్నం అక్కా అమ్మా నిద్రపోతున్నారు. తాతయ్య మంచం పక్కన కుర్చీలో కూర్చుని పిల్లని కాపలా కాస్తున్నాడు. నేను ఫిల్టర్ కడుగుతున్నాను. ఉన్నట్టుండి తాతయ్య మెల్లగా చెయ్యి ఊపి నన్ను పిలిచాడు.

"ఇలా రా. సప్పుడు సెయ్యకు."

వెళ్ళాను. పిల్ల బొంతలో చుట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. తాతయ్య వేలితో చూపించాడు. పిల్ల పైపెదవి మీద, ముక్కు కింద, ఆవగింజలంత చుక్కలు మెరుస్తున్నాయి. నుదుటి మీద జుట్టు తడిసి అతుక్కుని ఉంది.

భయం వేసింది. "జ్వరమా?"

"కాదు." తాతయ్య వేలి కొసతో ఒక చుక్కని అద్దుకుని, ఆ వేలిని చూసుకుంటూ ఉండిపోయాడు. ఆయన కళ్ళు కూడా తడిగా ఉన్నాయి. "సెమట. ఉక్కపోత్తంది దీనికి."

ఎగువపేటలో, మైనస్ పన్నెండులో.

తాతయ్య గోడకి తగిలించిన నా పాత నోటుపుస్తకం అట్ట తీసి, పిల్ల మొహం మీద నెమ్మదిగా, ఇటూ అటూ విసిరాడు. అలా విసరడం ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. చేతికి గుర్తుంది.

నేను బొంత ఒక మడత తొలగించాను. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, మాస్టారికి ఇచ్చిన మాట గుర్తుండి కూడా, రెగ్యులేటర్ ఒక గీత తగ్గించాను.

నమోదు 3లో ఉక్కపోత పక్కన వదిలిన ఖాళీ పూరించాను.